చెప్పినట్టు రాయడంలోనే అలుపంతా

"పిల్లలకి పాఠం చెప్పడంలో అలుపేముందండీ, చెప్పినట్టు రాయడంలోనే ఉంది." ఏ ఊరి స్టాఫ్‌రూంలోనైనా కాసేపు కూర్చుంటే ఎవరో ఒకరి నోట ఈ మాట వస్తుంది. నవ్వుతూనే అంటారు, విన్నవాళ్లూ నవ్వుతారు, బెల్లు కొట్టగానే ఎవరి క్లాసుకి వాళ్లు లేచిపోతారు. టీచర్లు ఉత్సాహం పోగొట్టుకోకుండా ఎలా ఉండాలో చెప్పడానికి శిక్షణల్లో గంటలకొద్దీ స్లైడ్లు వేస్తారు గానీ, ఈ ఒక్క మాటలో ఉన్న సరుకు వాటిల్లో కనిపించదు.

శిక్షణల్లో చెప్పేది దాదాపు ఒకటే. ధ్యానం చెయ్యండి, మంచి వైపే చూడండి, మీరు జాతి నిర్మాతలు. సెప్టెంబరు 5న శాలువా కప్పిన చేతులే 6వ తారీఖున "మరుగుదొడ్ల ఫొటోలు ఇంకా అప్‌లోడ్ కాలేదేం" అని మెసేజ్ పెడతాయి. అందుకని టీచర్లకి ఇలాంటి ప్రసంగాలంటే మొహం మొత్తింది. వాళ్లకి కావలసింది ప్రేరణ కాదని నా అభిప్రాయం. మనిషిని లోపల్నుంచి తినేసేది గదిలో జరిగే బడికీ కాగితం మీద జరిగే బడికీ మధ్య ఉన్న దూరం. ఆ రెండిటినీ ఒకేసారి నడపాల్సి రావడం. ఆ దూరాన్ని టీచరు తన చేతిలో ఉన్నంత మేర తగ్గించుకోగలిగితే ఉత్సాహం గురించి వేరే పూజలక్కర్లేదు.

అలసట అనే మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. అమెరికన్ మనస్తత్వవేత్త క్రిస్టినా మాస్లాక్, పనివల్ల మనిషి ఒట్టిపోవడాన్ని అంటే బర్నౌట్‌ని కొలవడానికి 1981లో తయారుచేసిన ప్రశ్నావళిలో వాటిని విడదీసింది. ఒంట్లో, మనసులో సత్తువ అయిపోవడం ఒకటి. ఎవరి కోసం పనిచేస్తున్నామో వాళ్లనుంచి మనసు తప్పుకోవడం రెండోది. చేసేది ఎందుకూ కొరగావడం లేదనిపించడం మూడోది. మొదటిది ఏప్రిల్ నెలలో అందరికీ ఉంటుంది, వేసవి సెలవులతో పోతుంది. రెండోది మాటల్లో బయటపడుతుంది. "ఈ బ్యాచ్ ఇంతేనండీ." "వాళ్ల అమ్మానాన్నలకే లేదు, మనకెందుకు." జూన్ 12న బడి తెరిచి, పిల్లల పేర్లయినా పూర్తిగా తెలియకముందే ఈ మాటలు మొదలయ్యాయంటే అది సెలవులతో తీరే అలసట కాదు.

సామాజికవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌ల గురించి రాసింది. జీతం కోసం నవ్వే నవ్వు కూడా ఒక శ్రమేనని ఆమె వాదన. లోపల ఒకటి ఉండి పైకి ఇంకొకటి చూపించాల్సి వచ్చినప్పుడు మనిషి తననుంచి తానే దూరమవుతాడంది. టీచరు క్లాసులో కోపం నటించడం, చిన్నపిల్లల ముందు ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టడం ఈ లెక్కలోకి రావు. అవి వృత్తిలో భాగం, పిల్లలకీ తెలుసు. చెయ్యని ప్రయోగాన్ని చేసినట్టు పిల్లలచేత రికార్డులో రాయించి కింద సంతకం పెట్టడం మాత్రం వేరే రకం. అక్కడ నటనని చూస్తున్న ముప్పై నలభై మంది కూడా అందులో పాత్రధారులే.

పని ఎక్కువ కావడమే అసలు కారణం కదా అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. విద్యాహక్కు చట్టం వారానికి 45 గంటలు అంటుంది, పాఠాలకి తయారయ్యే సమయంతో కలిపి. అదే చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంటుంది, అంటే అయిదు తరగతులకి ఇద్దరు. 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకి టీచర్లని వాడకూడదంటుంది గానీ ఆ మూడే చాలు ఏడాదిని తినెయ్యడానికి. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కులగణన సర్వేకి ప్రాథమిక బడుల టీచర్లని పంపితే ఆ బడులు ఒంటిపూట నడిచాయి. ఇదంతా నిజమే. అయినా ఎలక్షన్ డ్యూటీ చేసొచ్చినవాళ్లని గమనించండి. రెండు రోజులు నిద్ర లేదు, బూత్‌లో స్నానానికి చోటు లేదు, తిట్టుకుంటూ వస్తారు. రిసెప్షన్ సెంటర్లో సామగ్రి అప్పగించి రసీదు తీసుకున్నాక ఆ పని అయిపోయింది. అది మనసుని పట్టుకుని వేలాడదు. ఎందుకంటే ఆ డ్యూటీలో రాసిన ప్రతి అంకె నిజం. పోలైన ఓట్లు 612 అని రాస్తే అవి 612 ఓట్లే.

పుస్తకాల కట్ట

అబద్ధం అన్నిటికన్నా ఎక్కువగా పేరుకునేది నోట్‌బుక్కుల కరెక్షన్‌లో. లెక్కేసి చూద్దాం. హైస్కూల్లో ఒక లెక్కల టీచరుకి అయిదు సెక్షన్లు, సెక్షన్‌కి 40 మంది అనుకుంటే 200 పుస్తకాలు. పుస్తకానికి రెండే నిమిషాలు పెట్టినా 400 నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు. వారంలో ఉండే పది పన్నెండు లీజర్ పీరియడ్లలో (క్లాసు లేని పీరియడ్లలో) సగం, రానివాళ్ల బదులు వెళ్లే సబ్‌స్టిట్యూషన్‌కి పోతాయి. మిగిలిన ఆరు పీరియడ్లు కలిపితే నాలుగున్నర గంటలు. ఏ దారినా సరిపోదు. కాబట్టి పేజీ తిప్పడం, టిక్కు పెట్టడం, తేదీ వేసి సంతకం చెయ్యడం. తప్పు లెక్క మీద కూడా ఎర్ర టిక్కు పడుతుంది. పిల్లవాడు పక్కవాడి పుస్తకంతో పోల్చుకుంటాడు. జవాబులు వేరు, టిక్కులు ఒకటే. ఆ రోజునుంచి ఆ సంతకానికి వాడి దగ్గర విలువుండదు. టీచరుకి కూడా ఆ సంగతి తెలుసు, చెయ్యి మాత్రం ఆగదు.

చదవని పేజీ మీద సంతకం పెట్టకుండానే వారం గడిపే పద్ధతి ఉంది. క్లాస్‌వర్క్ లెక్కలు బోర్డు మీద చేశాక పిల్లలు జంటలుగా పుస్తకాలు మార్చుకుని పెన్సిల్‌తో దిద్దుకోవాలి. టీచరు ప్రతి సెక్షన్‌నుంచి వారానికి పది పుస్తకాలే తీసుకోవాలి. ఆ పదిలో బాగా చేసేవాళ్లు ముగ్గురు, వెనకబడ్డవాళ్లు నలుగురు, మధ్యలో ఉన్నవాళ్లు ముగ్గురు ఉండాలి. వాటిని పుస్తకానికి నాలుగు నిమిషాలు చొప్పున పూర్తిగా చదివితే సెక్షన్‌కి ఒక్క పీరియడ్ పడుతుంది. చదువుతున్నంతసేపూ పక్కన ఒక చీటీ ఉంచుకుని తప్పుల్ని రకాలుగా రాసుకోవాలి. భిన్నాల కూడికలో లవానికి లవం, హారానికి హారం కలిపేసినవాళ్లు ఎంతమంది, క.సా.గు. దాకా వచ్చి లవాన్ని గుణించడం మరిచినవాళ్లు ఎంతమంది, లెక్క సరిగ్గా చేసి ఎక్కాల్లో జారినవాళ్లు ఎంతమంది. పది పుస్తకాల్లోనూ మూడు నాలుగు రకాలకన్నా ఎక్కువ తప్పులుండవు, ఎందుకంటే పిల్లలు ఒకరిలాగే ఒకరు పొరబడతారు.

మర్నాడు పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఆ చీటీకి కేటాయించాలి. తప్పు లెక్కని పేరు చెప్పకుండా బోర్డు మీద వేసి ఎక్కడ తప్పిందో క్లాసునే అడగాలి. తర్వాత నలభై మందీ తమ పుస్తకాల్లో అలాంటి తప్పు వెతుక్కుని ఆకుపచ్చ పెన్నుతో పక్కనే మళ్లీ చెయ్యాలి. నాలుగు వారాల్లో ప్రతి పిల్లవాడి పుస్తకమూ ఒకసారి నిజంగా చదివినట్టవుతుంది. సంతకం ఆ పేజీల మీదే, 'పే. 14 నుంచి 19 చదివాను' అని రాసి. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారో, చుట్టుపక్కల బడుల సముదాయానికి పెద్దయిన కాంప్లెక్స్ హెచ్‌ఎం గారో వచ్చి మిగతా పేజీల్లో సంతకాలేవని అడిగితే చీటీల కట్ట, పిల్లల ఆకుపచ్చ దిద్దుళ్లు చూపించాలి. ఒక్కొక్కరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకునేవాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువమందే, ఎందుకంటే వాళ్లలో చాలామంది ఒకప్పుడు ఇవే కట్టలు మోసినవాళ్లు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, చీటీ రాసి పది నిమిషాల పని ఎగ్గొట్టినప్పుడు. సిలబస్ వెనకబడిందని మొదట కోసేసేది ఆ పది నిమిషాల్నే. అప్పుడు మళ్లీ అది ఇంకో రికార్డు మాత్రమే. ఇంకో చోట కూడా చెడుతుంది. దిద్దిన పుస్తకం మీద తప్పుల వివరంతోపాటు మార్కు కూడా వేస్తే పిల్లలు మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తారు. 1988లో రూత్ బట్లర్ చేసిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు, వ్యాఖ్యతో మార్కు కూడా అందుకున్నవాళ్లకి ఆ మేలు దక్కలేదు. ఇంగ్లండులో టీచర్ల పనిభారం మీద 2016లో ఇచ్చిన ప్రభుత్వ నివేదికల్లో ఒకటి పూర్తిగా ఈ దిద్దుబాటు గురించే. పిల్లలకి పనికొచ్చేదిగా, టీచరు మొయ్యగలిగేదిగా, చదవాలనిపించేలా ఉండాలని చెప్పి, పేజీపేజీకీ రంగురంగుల ఇంకుతో రాసే అలవాటుని తప్పుపట్టింది. ఇదేదో మన దగ్గరే పుట్టిన జబ్బు కాదన్నమాట.

లెసన్ ప్లాన్ గురించి ఇంత చెప్పక్కర్లేదు. పోయినేడు రాసింది ఈ ఏడు తేదీ మార్చి ఎత్తిరాయడం మానేసి అయిదు వాక్యాలు రాస్తే చాలు. ఈ పీరియడ్‌లో తేలాల్సిన ప్రశ్న, పిల్లలు ఎక్కడ తడబడతారు, బోర్డు మీద ఏం మిగలాలి, పిల్లలు చేసే పని, చివర్లో అడిగే రెండు ప్రశ్నలు. క్లాసయ్యాక కింద ఒక్క వాక్యం, అనుకున్నది ఎక్కడిదాకా జరిగిందో. నిర్ణీత నమూనా తప్పదన్న చోట ఆ నమూనా రాస్తూనే దాని చివర ఈ ఒక్క వాక్యం చేర్చొచ్చు. వచ్చే ఏడు పనికొచ్చేది అదే.

ఇంగ్లిష్ మీడియం, తెలుగు నోరు

లోపల ఒకటి, పైకి ఒకటిగా నడిచే ఈ ముసుగుల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది ఇంగ్లిష్ మీడియం. తెలుగు మీడియంలో చదివి, తెలుగులో పదిహేనేళ్లు సైన్సు చెప్పిన టీచరు చేతికి ఒకరోజు ఇంగ్లిష్ మీడియం తరగతి వచ్చింది. తెలంగాణలో 2022-23నుంచి ప్రభుత్వ బడుల్లో 1నుంచి 8వ తరగతి దాకా మొదలైంది, ఆంధ్రలో అంతకుముందే. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి నేను దిగడం లేదు. గదిలో ఏం జరుగుతుందో చూస్తే, చాలాచోట్ల టీచరు పుస్తకంలోని ఇంగ్లిష్ పేరా చదువుతాడు, గైడులోంచి ప్రశ్నా జవాబులు బోర్డు మీద రాస్తాడు, పిల్లలు ఎత్తిరాసుకుని బట్టీ పడతారు. టీచరుకి తను చెప్పింది పాఠం కాదని తెలుసు. అప్పటిదాకా తన క్లాసులో పిల్లలు నవ్వేవాళ్లు, ప్రశ్నలు వేసేవాళ్లు. ఇప్పుడు గది నిశ్శబ్దంగా ఉంటోంది, పైగా దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకుంటున్నారు.

ఈ పాఠ్యపుస్తకాలు ఎడమవైపు ఒక భాష, కుడివైపు ఇంకో భాషగా అచ్చయ్యాయి. ఆ ఏర్పాటుని వాడుకోవడం లేదు, ఎక్కువమంది ఒక వైపు పేజీనే తెరుస్తారు. 45 నిమిషాల పీరియడ్‌ని మూడు ముక్కలు చేస్తే ముసుగు వేసుకోవాల్సిన అవసరం పోతుంది. మొదటి ఇరవై నిమిషాలు విషయం తెలుగులోనే, టీచరుకి ఎలా వస్తే అలా. ఆకు తన తిండి తానే ఎలా తయారుచేసుకుంటుందో చెప్పడానికి పత్రహరితం, పత్రరంధ్రాలు, పిండిపదార్థం అనే మాటలతోనే మొదలుపెట్టొచ్చు. తర్వాతి పది నిమిషాల్లో ఆరునుంచి ఎనిమిది ఇంగ్లిష్ పదాలు బోర్డు మీద. క్లోరోఫిల్, స్టొమేటా, స్టార్చ్, సన్‌లైట్, అబ్జార్బ్, రిలీజ్. ఒక్కొక్కటీ పలికించి, తెలుగు పేజీలో దాని జత ఎక్కడుందో వేలు పెట్టించాలి. చివరి పదిహేను నిమిషాల్లో జంటలుగా మూడేసి ఇంగ్లిష్ వాక్యాలు పిల్లలే కట్టాలి, నాలుగు జంటలు పైకి చదవాలి. తప్పులుంటాయి. టీచరు ఇంగ్లిష్‌లోనూ తప్పులుంటాయి. "ఈ మాట నాకూ కొత్తే, పలకడం రేపు చూసి చెప్తాను" అంటే క్లాసు మీద పట్టు పోతుందని భయపడతారు. పోదు. బోర్డు మూల ఆ మాట రాసి ఉంచి, మర్నాడు బెల్లు కొట్టగానే మొదట దానికే జవాబు చెప్పాలి. మరిచిపోతే మాత్రం పట్టు నిజంగానే పోతుంది, రెండు మూడుసార్లు మరిచిన టీచరుని పిల్లలు ఇక అడగరు.

ప్రయోగాల రికార్డు కూడా ఇక్కడే చెప్పేస్తాను. పన్నెండు ప్రయోగాలు రాయించి ఒక్కటీ చెయ్యకపోవడంకన్నా నాలుగు నిజంగా చేసి నాలుగే రాయించడం మేలు. పిండిపదార్థం పరీక్షకి మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం మెతుకులు, నీళ్లు కలిపిన అయొడిన్ నాలుగు చుక్కలు చాలు, మెతుకు నీలం కలిసిన నలుపుకి తిరుగుతుంది. ఆకుతో చెయ్యాలంటే స్పిరిట్ కావాలి. ఆకుని ముందు నీళ్లలో ఉడికించి, తర్వాత స్పిరిట్ ఉన్న పరీక్షనాళికని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి పచ్చరంగు దిగేదాకా ఉంచాలి. స్పిరిట్‌ని నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. రంగు పూర్తిగా దిగకుండా అయొడిన్ వేస్తే మార్పేమీ కనిపించక పిల్లలు బిక్కమొహం వేస్తారు. అప్పుడు 'నీలిరంగు వచ్చినది' అని రాయించకూడదు. రాలేదనే రాయించి ఎందుకు రాలేదో అడగాలి. నిజానికి ఆ రోజు జరిగిందే అసలు సైన్సు క్లాసు.

మార్కుల దగ్గర

తెలంగాణ హైస్కూళ్లలో ఏడాది పొడవునా జరిగే మూల్యాంకనంలో ఒక ఎఫ్‌ఏకి 20 మార్కులుంటే స్లిప్ టెస్టుకి (చిన్న రాతపరీక్షకి) అయిదే. పాల్గొనడం, రాతపని, ప్రాజెక్టు అని మిగిలిన పదిహేను టీచరు చేతిలో ఉంటాయి. ఆలోచన మంచిదే. ఆచరణలో అందరికీ పదిహేనుకి పద్నాలుగు పడుతున్నాయి. పదో తరగతిలో ఇలాంటి ఇంటర్నల్ మార్కుల్ని ఆంధ్రప్రదేశ్ 2019లో తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తామని ప్రకటించి వెంటనే వాయిదా వేసింది. టీచరు వేసిన మార్కుని ప్రభుత్వమే నమ్మడం లేదన్నమాట. ఆ అవమానం ఎవరూ పైకి మాట్లాడరు.

ఇక్కడ నిజాయితీ పేరుతో ఒంటరిగా దూకమని నేను చెప్పను. ఆరో తరగతిలో రెండో తరగతి పేరా చదవలేని పిల్లలున్నారని ఒక్క టీచరు ఉన్నదున్నట్టు మార్కులేస్తే సమీక్షలో అతని సబ్జెక్టే అట్టడుగున కనిపిస్తుంది, మెమో అతనికే వస్తుంది. పక్క సబ్జెక్టు వాళ్లు తలొంచుకుని కూర్చుంటారు. అందుకని ముందు తన కోసం ఒక నిజమైన లెక్క ఉండాలి. జూన్ చివర్లో ప్రతి పిల్లవాడిచేత ఒకపేజీ చదివించాలి. అక్షరాలు, చిన్న మాటలు, ఒక పేరా, ఒక చిన్న కథ. ఏ మెట్టు దాకా వచ్చాడో చూడటానికి మనిషికి రెండు నిమిషాలు, నలభై మందికి ఎనభై నిమిషాలు, రోజుకి ఇరవై చొప్పున నాలుగు రోజుల పని. ఒకే ఒక్క కాగితం మీద పేర్లు, మెట్టు, తేదీ. దసరా ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, మార్చిలో ఒకసారి మళ్లీ అదే చదివింపు. ఉత్సాహం అంటూ ఎక్కడైనా దొరికితే ఈ కాగితంలో దొరుకుతుంది. దసరాకి మాటల దగ్గరున్న తొమ్మిది మందిలో అయిదుగురు సంక్రాంతికి పేరా మీదకొచ్చారని కళ్లముందు కనిపించడం ఏ ప్రసంగమూ ఇవ్వలేదు. ఎవరూ కదల్లేదంటే అదీ తెలుస్తుంది. అప్పుడు మార్చాల్సింది చెప్పే తీరు.

తర్వాత ఆ కాగితం తీసుకుని మార్కులు ఎంటర్ చెయ్యక ముందే హెచ్‌ఎం దగ్గర కూర్చోవాలి. చేశాక కూర్చుంటే అది సంజాయిషీ అవుతుంది. బడిలో ముగ్గురు టీచర్లయినా ఒకే కొలతకి ఒప్పుకుంటే ఎవరి సబ్జెక్టూ ఒంటరిగా కింద కనిపించదు. కాంప్లెక్స్ మీటింగులో ఒకే సబ్జెక్టు వాళ్లు ఎనిమిది పదిమంది ఎలాగూ కలుస్తారు, టీ తాగి సంతకాలు పెట్టి వచ్చేకన్నా అక్కడ పిల్లల జవాబు పత్రాలు నాలుగు తీసి అందరూ విడివిడిగా మార్కులేసి పోల్చుకుంటే గంటలో తేలుతుంది ఎవరి చెయ్యి ఎంత జారుతోందో.

రాత్రి తొమ్మిదింటి మెసేజ్

అంకెలు పంపమని పైనుంచి రాత్రిపూట మెసేజ్ వచ్చే డేటా పని మీద కోపం అందరికీ ఉంది గానీ దానికి చిన్న మందు ఒకటుంది, ఎవరూ వాడరు. అడిగేవి తిరిగి తిరిగి అవే అంకెలు. తరగతివారీ పిల్లలు, ఆడ మగ, కులాలవారీ సంఖ్య, ప్రత్యేక అవసరాల పిల్లలు, వచ్చిన పుస్తకాలు, ఇచ్చిన యూనిఫాంలు, పనిచేస్తున్న కుళాయిలు, మరుగుదొడ్లు, భోజనం తిన్నవాళ్లు. వీటికోసం ఒక్క రిజిస్టర్లో ఎదురెదురు పేజీలు గీసి ప్రతి నెలా ఒకటో తారీఖున నింపేస్తే, ఏ ఫార్మాట్లో అడిగినా పది నిమిషాల్లో పంపొచ్చు. ఈ పని బడికి ఒక్కరే చెయ్యాలి, టర్ముకొకరు మారాలి, ఆ టర్ములో వాళ్లకి సబ్‌స్టిట్యూషన్ వెయ్యకూడదు. ఈ చివరి షరతు పెట్టకపోతే కంప్యూటర్ వచ్చిన కుర్ర ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) నెత్తిన శాశ్వతంగా పడుతుంది. అలా పడ్డ చోట మూడేళ్లకి ఆ కుర్రాడే మొదట ఒట్టిపోతాడు.

గొంతు గురించి రెండు ముక్కలు. 2004లో అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాల్లో చేసిన సర్వేలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చినవాళ్లు టీచర్లలో 57.7 శాతం, ఇతరుల్లో 28.8 శాతం. గోల మీద అరిచి గోల ఆపలేం. క్లాసులోకి రాగానే బోర్డు మీద రెండు నిమిషాల రాతపని ఉంటే మొదటి అరుపు తప్పుతుంది. పీరియడ్‌కో గ్లాసు నీళ్లు, పేరాలు పిల్లలచేత చదివించడం, ఫ్యాను కింద నిలబడి చెప్పకపోవడం. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే మిరియాల పాలు మాని ఇఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

ఇంకో హద్దు కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని పనికి సంబంధించిన స్థితిగా నమోదు చేసింది గానీ జబ్బుగా చెయ్యలేదు. ఆదివారాలూ సెలవుల్లోనూ కూడా రెండు వారాలుగా నిద్ర పట్టక, తిండి సయించక, ఇష్టమైనవాటి మీదా మనసు పోకుండా ఉంటే అది బడి సంగతి దాటిపోయింది. అక్కడ నోట్‌బుక్కుల పద్ధతులు మాట్లాడటం అన్యాయం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

నా వాదన నిలబడని చోటు

ఇంతవరకు రాసిందంతా ఉద్యోగ భద్రత ఉన్నవాళ్ల సంగతి. 2025 సెప్టెంబరు 1నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, రిటైర్మెంటుకి ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉండి టెట్ (టీచరు అర్హత పరీక్ష) లేనివాళ్లు రెండేళ్లలో పాసవ్వాలన్నప్పుడు ఆ భద్రతా కదిలింది. ఇరవై ఏళ్లు చెప్పినవాళ్లు ఇప్పుడు శిశు మనస్తత్వం బిట్లు బట్టీ పడుతున్నారు. అయినా ప్రైవేటు బడుల వాళ్లతో పోలిస్తే వీళ్లు గట్టున ఉన్నట్టే. అక్కడ మార్చినుంచి మే దాకా అడ్మిషన్ల టార్గెట్లు, ఎండలో ఇల్లిల్లూ తిరగడం, సాయంత్రం తల్లిదండ్రులకి ఫోన్లు. "మీవాడు బాగా చదువుతున్నాడండీ" అని వరసగా నలభై ఫోన్లు చేసిన మనిషికి మర్నాడు ఆ నలభై మొహాలు చూడటం కష్టం.

అక్కడ చెయ్యగలిగింది తక్కువ. ఫోన్లో పొగడ్త బదులు ఒక నిజం, ఒక పని చెప్పొచ్చు. "గుణకారం దాకా బాగున్నాడు, రెండంకెల భాగహారం దగ్గర ఆగాడు, ఈ వారం రోజుకి మూడు లెక్కలు చేయించండి." దీనికి ఫోన్ చేసేముందు ఒక్కో పిల్లవాడి గురించి ఒక్క వాక్యం రాసుకుని ఉండాలి, నలభై మందికి గంట పడుతుంది. తల్లిదండ్రులు కోప్పడతారనుకుంటారు, చాలామంది పెన్ను తెచ్చుకుంటారు. యాజమాన్యం రాసిచ్చిన మాటలే చదవాలని పట్టుబట్టే బడుల్లో అదీ కుదరదు. అలాంటి చోట సర్దుకోవడం నేర్చుకోమనడం నాకు నచ్చదు, మే నెలలో ఇంకో బడి చూసుకోవడమే మంచిది. అలా వెళ్లాలంటే చేరేరోజే జాగ్రత్తపడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి జిరాక్సులే ఇవ్వాలి. తప్పక ఇవ్వాల్సి వస్తే ఏయే కాగితాలు ఏ తేదీన తీసుకున్నారో బడి స్టాంపుతో రాయించుకోవాలి. ఆ కాగితం ఇంట్లో లేకపోతే విద్యాసంవత్సరం మధ్యలో మానేసిన టీచరు తన బీఎడ్ సర్టిఫికెట్ కోసం ఆఫీసు బయట బెంచీ మీద రోజుల తరబడి కూర్చోవాల్సి వస్తుంది.